చివరి పేరా చదివిన జడ్జి

ఆ వానాకాలం జడ్జి వెంకటనారాయణ గారు మా కోర్టులో ముప్ఫై ఏడు తీర్పులు చెప్పారు. వాటిలో రాసినవి పదకొండు. మిగిలిన ఇరవై ఆరింటి సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను ఆయన స్టెనోగ్రాఫర్‌ని.

సత్తుపల్లి నుంచి చండ్రుగొండ వైపు వెళ్తుంటే జామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా తుమ్మలగట్టు ఉంటుంది. కోర్టంటే పాత గెస్ట్‌హౌసే. ఒక హాలు, ఒక ఛాంబరు, వరండా చివర తీర్పు కాపీలిచ్చే కిటికీ. ఆ కిటికీ వెనక కూర్చునేది మా బావ కిషోర్. మేనత్త కొడుకు, నా భర్త. అంతకుముందు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో కాంట్రాక్టు మీద డంపర్ లారీ నడిపేవాడు. నడుముకు దెబ్బ తగిలి ఏడాదిపాటు మంచం పట్టాడు. లేచి నడవగలిగాక అవుట్‌సోర్సింగ్‌లో ఆ కిటికీ దగ్గర పని ఇప్పించింది జడ్జి గారే. "మొగుడూ పెళ్ళాం ఒకే ఆటోలో వచ్చిపోవచ్చు" అన్నారు నవ్వుతూ. ఆ రోజు మా అత్త ఆయన పేరు మీద భద్రాచలంలో అర్చన చేయిస్తానని మొక్కుకుంది.

ఆయన చెడ్డగా కనిపించే మనిషి కాదు. గొంతు పెంచేవారు కాదు. ముసలివాళ్ళు సాక్ష్యానికి వస్తే కుర్చీ వేయించేవారు. వాదనలు శ్రద్ధగా వినేవారు కూడా. రాయడం దగ్గరే వచ్చేది చిక్కంతా. ఫైలు ముందేసుకుని, కాసేపు కాగితాలు తిప్పి, టీ తెప్పించుకుని, సొరుగు తీసి మూసి, చివరికి "రేపు చూద్దాం తిరుమలా" అని లేచేవారు. మొదట్లో బద్ధకం అనుకున్నాను. తర్వాత అర్థమైంది, అది భయం. రాస్తే పైకోర్టు చదువుతుంది. చదివితే ఎక్కడ తప్పు పడతారోనని. కానీ నెలాఖరుకు ఇన్ని కేసులు తేల్చామని పైకి లెక్క పంపాలి. తీర్పు చదివేస్తే కేసు తేలినట్టే. అందుకని బెంచి మీద కూర్చుని చివరి పేరా మాత్రం చదివేవారు. దానికి ముందుండాల్సిన పేజీలు ఎక్కడా ఉండేవి కావు.

సోమ్లి, ఆమె భర్త లాలుల దావా జూలై రెండో వారంలో తీర్పుకు వచ్చింది. ఊరికి నాలుగు మైళ్ళ అవతలి తండా వాళ్ళది. లాలు తండ్రి కాలం నుంచి దున్నుతున్న నాలుగెకరాల చెలక మీద పట్టా కూడా ఉంది. ఖమ్మం నుంచి ఎవరో ఆసామి పాత కాగితాలు పట్టుకొచ్చి అది తాను కొన్నదన్నాడు. ఆయిల్ పామ్ వేస్తానన్నాడు. ముసలి వకీలు బసవపున్నయ్య గారు వీళ్ళ తరఫున దావా వేసి, కేసు తేలేదాకా ఎవరూ చేలోకి రాకూడదని ఆర్డరు తెచ్చారు. ఆ ఆర్డరు నీడన వాళ్ళు రెండేళ్ళు మిర్చి పండించుకున్నారు.

ఆ రోజు హాల్లో వాన చప్పుడుకు మాటలు వినపడటం లేదు. జడ్జి గారు ఒక చిన్న కాగితం చూసి చదివారు.

"దావా కొట్టివేయడమైనది. ఖర్చులు ఎవరివి వారే భరించుకోవలెను."

సోమ్లి లేచి నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. తడిసిన చీర కొంగు పిండుకుంటూ అడిగింది, "గెలిచినమా అయ్యా?"

బసవపున్నయ్య గారు ఆమె భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకుపోయారు. లాలు వెనకే నడిచాడు. అతను మామూలుగానే మాట్లాడని మనిషి.

ఛాంబర్లోకి వచ్చాక జడ్జి గారు నా చేతికి ఫైలిచ్చారు. "వచ్చే వారం డిక్టేషన్ ఇస్తాను. రిజిస్టర్లో ఇవాళ్టి తేదీయే వెయ్యి."

వేశాను. అంతకుముందు కూడా అలాగే వేశాను.

దావా కొట్టేసిన క్షణంలోనే పాత ఆర్డరు పోయింది. మళ్ళీ కాపాడుకోవాలంటే అప్పీలు వేయాలి. అప్పీలుకు తీర్పు కాపీ కావాలి. మా ఊళ్ళో సోమవారం సంత. సోమ్లి ప్రతి సోమవారం సంతకొచ్చి, గంప అక్కడే ఎవరికో అప్పజెప్పి, కిటికీ దగ్గరికి వచ్చేది.

"కాపీ వచ్చిందా తమ్మీ?"

"రాలే అక్కా. సారు సంతకం కావాల్నంట. మళ్ళీ సోమారం రా."

"జల్దీ ఇప్పియ్యి తమ్మీ. నారు పోసినం. నాటేసే టైమైతాంది. నాటాల్నా వద్దా చెప్పు."

"నాటండి అక్కా. కాపీ ఎటు పోతది, వస్తది."

కిషోర్ ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అతనికి తెలియదు. ఇంట్లో అన్నం తింటూ నన్ను అడిగేవాడు, "ఆ లంబాడామె కాపీ ఏమైందే? గరీబోళ్ళు, నాలుగు వారాల్నుంచి తిరుగుతాంది." నేను "కరెక్షన్‌లో ఉంది బావా" అనేదాన్ని. ఆ ముక్క అతను సోమవారం ఆమెకు చెప్పేవాడు. ఆమె తండాకు వెళ్ళి లాలుకు చెప్పేది. నా నోట్లోంచి బయల్దేరిన అబద్ధం అలా నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళి వాళ్ళింట్లో కూర్చునేది.

నాకు చెప్పే అవకాశం రాలేదని అనను. ఆగస్టు చివర్లో బసవపున్నయ్య గారు నేరుగా నా టేబుల్ దగ్గరికే వచ్చారు. జడ్జి గారు భోజనానికి వెళ్ళారు. గదిలో ఇంకెవరూ లేరు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా తిరుమలా, నేను నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా. ఒక్క మాట అడుగుతా, దాచకుండా చెప్పు. ఆ తీర్పు రాసి ఉందా, లేదా?"

నేను కంప్యూటర్ వంక చూశాను.

"రాయలేదని తెలిస్తే చాలు. రేపే జిల్లా జడ్జి గారికి కాగితం పెడతా. కాపీ లేకుండానే అప్పీలు తీసుకోమని అడుగుతా. వారంలో స్టే వస్తది. నీ పేరెక్కడా రాదు. రాసి ఉందంటే మాత్రం నేనేం చెయ్యలేను, కాపీకోసం ఆగాల్సిందే."

వరండాలోంచి కిషోర్ గొంతు వినిపిస్తోంది. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మంచం మీద ఉన్న ఏడాదిలో ఆ నవ్వు మా ఇంట్లో వినలేదు.

"సార్ దగ్గరే ఉందండీ. కరెక్షన్‌లో ఉంది" అన్నాను.

ఆయన "సరే తల్లీ" అని లేచారు.

ఆ వారమే వాళ్ళు మిర్చి నాటారు.

దసరా సెలవుల తర్వాత కోర్టు తెరిచిన రెండో రోజు, పదకొండు గంటలప్పుడు సోమ్లి పరుగున వచ్చింది. అది సోమవారం కాదు. మోకాళ్ళ దాకా బురద, కాలికి చెప్పుల్లేవు.

"తమ్మీ, కాపీ ఇయ్యి. మిషన్ దింపిండ్రు చేన్ల. కాయితం సూపెడితే ఆపుతనంటున్నడు డ్రైవర్. గాయినెకు కేసు సంగతి తెల్వదంట. ఇయ్యి తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత."

కిషోర్ కిటికీ దగ్గర్నుంచి లేచి నేరుగా ఛాంబర్లోకి వచ్చాడు. అనుమతి కూడా అడగలేదు. జడ్జి గారు మధ్యాహ్నం పెళ్ళికి వెళ్ళే తొందరలో ఉన్నారు.

"సార్, సోమ్లి కాపీ సార్. చేన్ల డోజర్ దిగిందంట."

"పోలీసు స్టేషన్‌కు వెళ్ళమను."

"కాయితం ఉంటేనే సార్ ఎవరైనా ఆగేది."

జడ్జి గారు వాచీ చూసుకున్నారు. "సోమవారం చూద్దాం కిషోర్. ఇప్పుడు కాదు." ఆ మాటలోనూ చిరాకు లేదు. బండెక్కి వెళ్ళిపోయారు.

కిషోర్ నా వైపు తిరిగాడు. "సంతకం లేకున్నా మంచిదే. డ్రాఫ్ట్ తియ్యి. నేను ప్రింట్ కొట్టి పట్కపోత. అప్పీలుకు పోతున్నరని డ్రైవర్‌కు సూపెడ్త."

"డ్రాఫ్ట్ లేదు బావా."

"నీ కంప్యూటర్ల లేదా?"

"ఎక్కడా లేదు."

"ఎక్కడా లేదంటే?"

"రాయలేదు. అసలు చెప్పనే లేదు నాకు."

అతను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. జూలై నుంచి అక్టోబర్ దాకా వేళ్ళతో లెక్కపెట్టుకుంటున్నాడని పెదవులు కదలడం చూస్తే తెలిసింది.

"నాతోటి గూడ అబద్ధమాడినవ్" అన్నాడు. అంతే. బయటికి వెళ్ళి, సోమ్లిని మోటారు సైకిల్ మీద ఎక్కించుకుని చేలోకి పోయాడు.

వాళ్ళు వెళ్ళేసరికి మూడెకరాలు అయిపోయిందట. మోకాలెత్తు మొక్కలు, పూత మీద ఉన్నాయట. లాలు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడట. అడ్డం పడలేదా అని నేను అడిగితే కిషోర్ నా ముఖం చూడకుండా చెప్పాడు. "అడ్డం పడ్డడు పొద్దుగాల. కానిస్టేబుల్ అడిగిండంట, నీ తాన కాయితం ఏదిరా అని. లేదన్నడంట. పక్కకు జరిగిండు."

మర్నాడు ఉదయం కిషోర్ బసవపున్నయ్య గారి ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు. వెళ్తున్నానని నాకు చెప్పలేదు. తన ఉద్యోగం ఎవరిచ్చిందో అతనికి తెలియక కాదు.

బసవపున్నయ్య గారు జిల్లాకు కాగితం పెట్టినా, చేను అప్పటికే ఆసామి చేతికి పోయినందువల్ల స్టే రాలేదు. నవంబర్‌లో ఆ కాగితం సంగతి మా జడ్జి గారికి తెలిసింది. ఎవరిచేతనో నాలుగు తీర్పులు రాయించి తెచ్చి నా ముందు పెట్టారు. వాటికి జూలై, ఆగస్టు తేదీలు వేసి టైపు చేయమన్నారు. చేశాను. అప్పటికైనా ఎందుకు చేశానని ఎవరైనా అడిగితే, చెప్పడానికి నా దగ్గర మంచి కారణమేదీ లేదు. అలవాటు, అంతే. ఆ నాలుగింట్లో సోమ్లి వాళ్ళది ఉందేమోనని వెతికాను. లేదు.

డిసెంబర్ మొదటి వారంలో జిల్లా నుంచి ఒక పెద్ద జడ్జి గారు తనిఖీకి వచ్చారు. ఆడమనిషి. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, తేలిన కేసుల కట్టలన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటే తాడు విప్పి చూశారు. తీర్పు ఉన్నవి ఎడమ పక్కన, లేనివి కుడి పక్కన. సాయంత్రానికి కుడి పక్కన కట్ట ఆమె కుర్చీ చేతికంటే ఎత్తు లేచింది. జడ్జి గారు ఎదురుగా నిలబడే ఉన్నారు. ఆమె కూర్చోమనలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చారు. వెంట భార్య హేమలత గారు. ఆమె బిస్కెట్ల డబ్బా తెచ్చి మా అత్త చేతిలో పెట్టింది. మా అత్త కంగారు పడిపోయి పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చింది. కిషోర్ గడప మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

జడ్జి గారు కవర్లోంచి టైపు చేసిన కాగితం తీసి నాకిచ్చారు. "చదువు తిరుమలా. నీకు మెమో వస్తుంది, అంతే. మెమోలు అందరికీ వస్తాయి. నాకైతే ఉద్యోగమే పోతుంది. ఇంకా పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఉంది."

చదివాను. తీర్పులన్నీ ఆయన సకాలంలో డిక్టేట్ చేశారట. స్టెనోగ్రాఫర్‌కు తగిన వేగం లేనందువల్ల, షార్ట్‌హ్యాండ్ సరిగా రానందువల్ల, వాటిని టైపు చేయలేకపోయిందట. ఆ మేరకు తన తప్పు ఒప్పుకుంటోందట. కింద నా పేరు.

హేమలత గారు నా చెయ్యి పట్టుకుంది. "మా ఆయన ఎవరికీ చెడు చెయ్యలేదమ్మా. నీకు తెలుసు కదా" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు నిజమైనవే.

నేను కిషోర్ వైపు చూశాను. సంతకం పెట్టవద్దని అంటాడేమోనని చూశాను. అతను గడప మీంచి లేచి చెప్పులేసుకున్నాడు.

"అది నీకూ సారుకూ తెల్సిన ముచ్చట. నన్నెందుకు సూస్తున్నవ్?" అని వీధిలోకి వెళ్ళిపోయాడు.

నేను సంతకం పెట్టలేదు. నలుగురూ తర్వాత దాన్ని ధైర్యమన్నారు. బసవపున్నయ్య గారు కూడా అన్నారు. ఆ క్షణంలో నాకు సోమ్లి గుర్తుకు రాలేదు. మిర్చి చేను గుర్తుకు రాలేదు. జిల్లా మొత్తంలో పరీక్ష పెడితే వేగంలో మొదట వచ్చినదాన్ని, నాకు షార్ట్‌హ్యాండ్ రాదని రాశాడే అని ఒళ్ళు మండింది. అంతే. ఆ కాగితంలో ఇంకేదైనా సాకు రాసుంటే, నాకు ఆరోగ్యం బాగాలేదనో, కంప్యూటర్ పాడైందనో, పెట్టేసేదాన్నేమో.

కాగితం తిరిగి ఇచ్చేశాను.

"నీకు నేనేం అన్యాయం చేశాను తిరుమలా?" అన్నారాయన. నిజంగానే తెలియనట్టు అడిగారు.

"నాకేం చెయ్యలేదు సార్."

విచారణలో నా నోటు పుస్తకాలన్నీ పెట్టాను. ఏ రోజు ఏం చెప్పారో తేదీలతో సహా అందులో ఉంది. జూలై రెండో వారం పేజీలు ఖాళీగా ఉన్నాయి. అవే సాక్ష్యం అయ్యాయి. ఆయన్ని సస్పెండ్ చేశారు. తేదీలు మార్చి టైపు చేసినందుకు నన్ను మందలిస్తూ సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం రాసి, ఇల్లందు అవతలి కోర్టుకు బదిలీ చేశారు. జనవరిలో అవుట్‌సోర్సింగ్ కాంట్రాక్టు మారింది. కొత్త జాబితాలో కిషోర్ పేరు లేదు. ఎవరూ ఏమీ అనలేదు, పేరు లేదు అంతే. అతను సారపాక వెళ్ళి పేపరు మిల్లులో కాంట్రాక్టు కింద కర్ర లోడింగ్ పనిలో చేరాడు. ఆ నడుముతో ఆ పని వద్దని మా అత్త ఏడ్చింది. అక్కడే గది కిరాయికి తీసుకున్నాడు. మేము పోట్లాడుకోలేదు. ఆదివారాలు ఫోన్ చేస్తాడు. వాళ్ళమ్మ మందులేసుకుందా అని అడుగుతాడు. నా సంగతి అడగడు. ఇల్లు విడిపోయిందని ఎవరైనా అంటే కాదనే చెబుతాను, కానీ మేం ముగ్గురం కలిసి కూర్చుని అన్నం తిన్న రోజు ఆ తర్వాత రాలేదు.

వెళ్ళేముందు కిషోర్ ఒక్క కబురు మాత్రం చెప్పాడు. ఆ చేలో ఆయిల్ పామ్ మొక్కలకు గుంతలు తీయిస్తున్నారట. కూలికి తవ్వుతున్నవాళ్ళలో లాలు ఉన్నాడట. "పలకరిస్తే నవ్విండు. ఏడ రాయుందో ఏడ లేదో నాకే ఎరుక, అందుకే నన్ను పిలిచిండ్రు అన్నడు."

ఏడాది తిరిగాక ఫిబ్రవరిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. న్యాయాధికారికి తగని ప్రవర్తన కింద వెంకటనారాయణ గారిని సర్వీసు నుంచి తొలగించారు. పేపర్లో జిల్లా పేజీలో వేశారు. తుమ్మలగట్టు బార్ రూములో వకీళ్ళు మిఠాయిలు పంచుకున్నారని విన్నాను. తీర్పు కాగితమే లేని ఇరవై రెండు కేసులూ కొత్త జడ్జి ముందు మళ్ళీ మొదటి నుంచి వినాలన్నారు. సోమ్లి వాళ్ళ కేసు ఏప్రిల్‌కు వాయిదా పడింది.

ఆ పేపరు తీసుకుని నేను తండాకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో స్పష్టంగా చెప్పలేను. ఒక మంచి కబురు నా నోటితో చెప్పాలనిపించిందేమో. ఇంట్లో ఎవరూ లేరు. సోమ్లి అదే తండా రైతు హరిలాల్ చేలో కూలికి మిర్చి ఏరుతోందని పక్కింటావిడ చెప్పింది. వెళ్ళాను. ఇరవై మంది ఆడవాళ్ళు వరసల్లో వంగి ఏరుతున్నారు. ఘాటుకు దూరం నుంచే దగ్గొచ్చింది. సోమ్లి ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది. నన్ను గుర్తుపట్టి గుడ్డ కిందికి లాగింది.

"ఏంది బిడ్డా, గింత దూరం వచ్చినవ్?"

"ఆ జడ్జిని తీసేశారమ్మా. పేపర్లో వచ్చింది."

"అవ్ నా? మంచిదే." చెయ్యి ఆపకుండానే అంది. రెండు మొక్కలు ఏరాక అడిగింది, "ఏం జేసిండని తీసేసిన్రు?"

"తీర్పులు రాయకుండా చదివాడని. మీది కూడా రాయలేదు. అసలు రాయనేలేదు."

ఆమె చెయ్యి ఆగింది. "మరి తమ్ముడు సంతకం కావాల్ననె?"

"అతనికి తెలియదు. నేను చెప్పిందే అతను మీకు చెప్పాడు."

"నీకెరుకేనా?"

"ఎరుకే."

"ఎప్పటికెల్లి?"

"మొదటి రోజు నుంచి."

ఒళ్ళోని కాయల్ని సంచిలో పోసి, సంచి కుదిపి పక్కన పెట్టింది. నడుము నిటారుగా చేసి నిలబడింది. పక్క వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ఏరడం ఆపి మా వైపు చూస్తున్నారు.

"అప్పుడే చెప్తే ఏమైతుండె?"

ఏమీ అయ్యేది కాదు అనవచ్చు. దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ వచ్చాను. ఆమె నమ్మేది కూడా. కానీ ఆ ముఖం చూస్తూ ఇంకో అబద్ధం రాలేదు నాకు.

"వారంలో ఆగిపోయేది. చేలోకి ఎవరూ దిగేవాళ్ళు కాదు."

సోమ్లి తల ఊపింది. కోపగించుకోలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముక్కు గుడ్డ మళ్ళీ పైకి కట్టుకుని, సంచి భుజానికేసుకుని, తర్వాతి మొక్క దగ్గరికి వంగబోతూ ఆగి నా వైపు తిరిగింది.

"ఆయినెను తీసేసిన్రు, మంచిగైంది" అంది. "మరి నిన్నెందుకు తియ్యలే?"

ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. తర్వాత మిగిలిన వరస ఏరుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది.